మట్టిగోడకు కారు రంగు

మంగళవారం పొద్దున మొయినాబాద్ షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది. మా మేనమామ పోయాడని. పనిలోకి దిగకముందే ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. తోటివాళ్లు ఆటోలో దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం లేదు. ఫోన్ చేసినతను ఏడుస్తూనే, "అక్కా, స్ప్రే గన్ను గూడ కడిగి పెట్టుకున్నడు, ఇగ మొదలువెడ్తడనంగ గిట్లయింది" అన్నాడు. ముప్పై ఏళ్లు ఆ షెడ్డులో కార్లకు రంగులు వేసిన మనిషి మామ. నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ఏడుపు కన్నా ముందు గర్వం తోసుకొస్తున్నది. సరే, అదే రాస్తాను.

మామ స్కూటర్ చూస్తే ఎవరికైనా నవ్వొచ్చేది. ఊరందరి కార్లూ అద్దాల్లా చేసి పంపే మనిషి, కలిపిన ప్రతి రంగునూ ముందు తన బండి మీద ఓ చుక్క వేసి ఎండలో చూసుకునేవాడు. ఆ బండి అసలు రంగేమిటో ఆయనకే గుర్తులేదు. "డబ్బా మీద తెలుపు అనే రాసుంటది బిడ్డా. కారు మీదికి పోయినంక గది పాలో, పెరుగో, సల్లనో తెలుస్తది" అనేవాడు. రుద్దిన కారు తలుపును కళ్లు మూసుకుని అరచేత్తో తడిమేవాడు. ఎందుకు మామా అంటే, "కన్ను మోసపోతది. చెయ్యి మోసపోదు" అని నవ్వేవాడు.

ఒకసారి ఒకాయన తన పాత కారు అమ్మబోతూ, తుప్పు పట్టిన రేకు మీదనే రంగు కొట్టి ఇమ్మన్నాడు. "కొనేటోడు గూడ మనిషే గద సార్" అని మామ తాళంచెవి తిరిగి ఆయన చేతిలో పెట్టాడు. షెడ్డు ఓనరు వారం రోజులు మామతో మాట్లాడలేదు. మామకేం ఫికర్ లేదు, ఆ వారం హాయిగా ఈల వేసుకుంటూ పనిచేశాడు.

ఇవన్నీ షెడ్డులో అందరికీ తెలిసినవే. ఆయన ఎంతటివాడో నేను చూసింది మాత్రం చేవెళ్లలో, మా ఇంటి గోడ దగ్గర.

రెండేళ్ల కింద నా భర్త నుంచి విడిపోయి, బిడ్డను వెంటబెట్టుకుని చేవెళ్ల వచ్చాను. అమ్మ నా పేరున రాసిపోయిన పాత ఇల్లు ఒకటున్నది. మట్టితో పేర్చిన రాతి గోడలు, పైన సున్నం, సగం పెచ్చులూడిపోయి ఉన్నది. మా నాన్న అన్న, పెద్దబాపు, వచ్చి చూశాడు. "గిది నిలవడే ఇల్లేనా? కూలగొట్టి జాగ అమ్మెయ్. మా ఇంట్ల ఓ మూలకు ఉండు, ఎవలొద్దన్నరు?" అన్నాడు. మంచికే అన్నాడు. కానీ ఆ మూల అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకున్నది. నా బిడ్డ ఒకరింట్లో ఓ మూల పెరగకూడదు, అంతే. అందుకు ఆ ఇల్లు నిలబడి తీరాలి. ఈ మాట మామకొక్కడికే చెప్పుకున్నాను. "నేనున్న గద" అన్నాడు. ఆదివారం చర్చి నుంచి నేరుగా పనిబట్టలు పట్టుకుని వచ్చేశాడు.

ఇప్పుడు ఆయన చేసిన తప్పు చెప్పాలి. దాచిపెడితే ఆయనే ఊరుకోడు. మామ ముందరి గది గోడకు కార్లకు పెట్టే పుట్టీ పెట్టాడు. నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో ఐదు ఆదివారాలు రుద్దాడు. ప్రైమర్ కొట్టి, గన్నుతో మీగడ రంగు చల్లాడు. మా బిడ్డ ఆ గోడలో మొహం చూసుకుని జడ వేసుకునేది! వాడకట్టంతా వచ్చి చూసి పోయారు. మామ గుమ్మంలో నిలబడి, పెళ్లికి పిలిచినవాడిలా అందరికీ చాయ్ ఇప్పించాడు.

తొలకరి పడింది. నేల తడి గోడలోకి ఎక్కింది, బయటికి పోయే దారి లేదు. గోడంతా పూరీల్లా పొంగి, వారానికే రంగూ పుట్టీ పలకలు పలకలుగా ఊడిపడ్డాయి. వాటితోపాటు అమ్మ నాటి సున్నం కూడా. పెద్దబాపు నలుగురినీ వెంటేసుకుని వచ్చాడు. "నేను చెప్పలే? గోడల్నే దమ్ము లేదు" అన్నాడు. మళ్లీ ఆ మూలే గతి అనుకున్నాను.

మామ తల వంచుకోలేదు. "గోడ తప్పు కాదు బావా, నా తప్పు" అన్నాడు అందరి ముందూ. "ఇనుముకు తడి తాకనియ్యొద్దని ముప్పై ఏండ్లు నేర్సిన. మట్టిగోడకు గాలి ఆడాలెనని నాకు తెల్వకపాయె. నేర్సుకుంట. జర ఏడాది ఆగుండ్రి."

మోకిల దిక్కు ఊళ్లో సున్నం పని చేసి ముసలిదైన ఒక అవ్వను వెతికి పట్టుకొచ్చాడు. షెడ్డులో అందరూ ఉస్తాద్ అని పిలిచే మనిషి, అరవైకి దగ్గర పడినవాడు, ఆమె ముందు పీట కూడా లేకుండా నేల మీద కూర్చున్నాడు. అవ్వకు ఆయన పేరుతో పనిలేదు. "ఓ కార్ల పిలగా, గట్ల రుద్దకు, గోడ ఏం బండి కాదు" అని చేతి మీద ఒక్కటి వేసేది. మామ "అయితే చూపియ్యి అవ్వా" అనేవాడు. గుంటలో సున్నం నానబెట్టడం, బట్టతో వడగట్టడం, తడి గోడ మీద పలుచగా పూసి ఆగడం, అన్నీ మొదటినుంచి నేర్చుకున్నాడు. ఎక్కువగా నేర్చుకున్నది ఆగడమే. సోమవారం తెల్లబడ్డ చేతులతో షెడ్డుకు పోతే నవ్వేవారట. "నవ్వుండ్రి, కొత్త పనిల చేరిన" అనేవాడట. తప్పు ఒప్పుకోవడం చాలామంది చేస్తారు. ఒప్పుకున్నాక మళ్లీ అ ఆల దగ్గర కూర్చున్నవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

మామ పోకముందు ఆదివారం ముందరి గదికి ఆఖరి పూత వేశాడు. అరచేత్తో తడిమి, చేతులు కడుక్కున్నాడు.

మొయినాబాద్‌లో ఆయనది కిరాయి గది, పదిమంది పట్టరు. జ్ఞాపకార్థ కూడిక మా ఇంట్లోనే పెట్టాను. ప్రార్థన మధ్యలో వాన దంచికొట్టింది. వాకిట్లో ఉన్నవాళ్లందరూ లోపలికి వచ్చి, చోటు చాలక గోడలకు ఆనుకుని కూర్చున్నారు. షెడ్డు మనుషులు, అవ్వ, చుట్టాలు. పెద్దబాపు కూడా కాళ్లు చాపుకుని, వీపు మొత్తం గోడకు ఆనించి, పాట అయ్యేదాకా అట్లనే ఉన్నాడు. ఒక్క చుక్క కారలేదు, ఒక్క పెచ్చు రాలలేదు.

వాన వెలిసింది. భోజనాలు చేసి ఒక్కొక్కరే లేచారు. ముసురుకు పూత ఇంకా గట్టిపడలేదు కాబోలు, అందరి వీపులకూ సున్నం అంటింది. మా బిడ్డ పెద్దబాపు వీపు చూసి, నవ్వాపుకుంటూ నా కొంగు లాగింది. "అమ్మా, తాతకు చెప్పనా?"

"వద్దు బిడ్డా" అన్నాను.

బస్సు కోసం అందరూ గల్లీ వెంట మెయిన్ రోడ్డుకు నడిచారు. అందరికన్నా ముందు పెద్దబాపు, ఆయన నల్లకోటు వీపు మీద మా ఇంటి గోడ సున్నం, తెల్లగా.