పిడికిలంత కంత

పొగగొట్టాలు దులిపే క్లారీ ఏ ఇంటికి వెళ్లినా గుమ్మం దగ్గరే బూట్లు విప్పి, చిరుగుల మేజోళ్లతో చలిమంట గూటి ముందు మోకరిల్లుతాడు. చూసేవాళ్లకు ప్రార్థన చేస్తున్నాడేమో అనిపిస్తుంది. ఓట్‌లాండ్స్ ఊళ్లో ఎవరడిగినా ఆయన సలహా ఒకటే. "గొట్టం మీద టోపీ పెట్టించుకోండి. వానా దిగదు, పిట్టా గూడు కట్టదు. లోపల గొట్టాన్ని మూసే డ్యాంపర్ రేకు మాత్రం వద్దు." నిప్పు ఆరకముందే ఆ రేకు మూసి పడుకున్న వాళ్లమ్మ తెల్లారి లేవలేదు. ఆ మాట ఎవరికీ చెప్పడు.

"టోపీతో నాకేం ఒరుగుతుంది? వెచ్చదనమంతా ఆకాశానికి పోతోంది," అని రేకు కోసం పట్టుబట్టింది ఒంటరిగా ఉండే థెల్మా. సరేనని రేకు బిగించాడు గాని, మధ్యలో పిడికిలంత కంత కోశాడు.

"మూసినా విషపు గాలి పోవాలి కదమ్మా."

"డబ్బిచ్చి కంత కొనుక్కున్నానన్నమాట," అని ఆమె ఊరంతా చెప్పి, వేరేవాడితో దానికి అతుకు వేయించింది. ఆ ఏడు క్లారీని పనికి పిలిచిన ఇళ్లు నాలుగే.

ఆ దక్షిణ దేశంలో జూలై అంటే చలికాలం; ఆ చలిలో ఆయన రోజూ పొద్దున్నే ఆ వీధికి వెళ్లి, ఆమె గొట్టంలో పొగ చూశాకే ఇంటికి తిరిగేవాడు. ఒకరోజు పొగ లేదు. తలుపు బాదాడు, కిటికీ బాదాడు. చాలాసేపటికి థెల్మా శాలువా కప్పుకొని వచ్చింది.

"వాన గొట్టంలోంచి కారి కట్టెలన్నీ తడిశాయి. పని దొరుకుతుందని పసిగట్టి వచ్చావా?"

క్లారీ బూట్లు విప్పబోయాడు.

"అక్కర్లేదు. అతుకు వేసినవాడికి కబురు పెట్టాను," అని ఆమె తలుపు వేసుకుంది.

మర్నాడు ఆ గొట్టంలో పొగ లేచేదాకా క్లారీ వీధి మూలన నిలబడే ఉన్నాడు.