చెమట పట్టిన విశ్వకర్మ

పుత్తూరు ఆడపిల్లల బడిలో పద్మాక్షి డ్రాయింగ్ టీచరు. తండ్రి శఠగోపం గుడి సేవలో ఉన్న మనిషి. 1979లో ఊళ్లో కొత్త కల్యాణమండపం కట్టినారు. సూర్యుడి తేజస్సుతో విశ్వకర్మ సుదర్శన చక్రం చేస్తున్న బొమ్మను గోడ మీద వెయ్యమని కమిటీ పెద్ద రంగరాజు ఆమెను అడిగినాడు.

క్యాలెండర్ దేవుళ్ల నున్నటి చెంపలంటే ఆమెకు గిట్టదు. మద్రాసులో చదివేటప్పుడు చూసిన మూడొందల యేళ్ల కిందటి యూరప్ బొమ్మలు మనసులో ఉండిపోయినాయి. వాళ్ల పురాణాల అగ్నిదేవుడూ కమ్మరే. చుట్టూ చీకటి, కొలిమి వెలుగు పనివాళ్ల వీపుల మీద, బిగిసిన కండల మీద మాత్రమే పడతాది. ఆ వెలుగు కోసం సాయంత్రాలు వడమాలపేట దారిలో మునివెంకటప్ప కొలిమి దగ్గర కూర్చునేది. అతను పటకారుతో ఇనుము పట్టుకుంటే, భార్య భారతమ్మ సమ్మెట ఎత్తి కొట్టేది.

బొమ్మలో విశ్వకర్మ ముఖం నిండా మసి. దాగలి దిమ్మె మీద సూర్యుడి ముక్క భగభగలాడతా ఉండాది. పక్కన కొంగు బిగించి సమ్మెట ఎత్తిన ఆడమనిషి, ఆమె భుజాల మీద మెరిసే చెమట.

రంగరాజు మండిపడినాడు. "దేవుడికి చెమటేందమ్మా? పైగా ఆడదాని చేతికి సమ్మెటా! అంతా తుడిచి మళ్లీ ఎయ్యి."

"చెమట తుడిచేస్తే చక్రం ఎవురు చేసినట్టు స్వామీ? నేను మార్చను."

"అయితే సున్నం కొట్టిస్తాం."

"కొట్టించుకోండి."

మర్నాడే కొట్టించినారు. సంగతి తెలిసి భారతమ్మ బడికే వచ్చింది.

"నన్ను ఏసినావంట గదా టీచరమ్మా. నేను సూసేలోపలే పూసేసినారు. మా కొలిమి గోడ ఉండాది, ఆడ ఎయ్యి. సున్నం యెవుడు తెస్తాడో నేను సూస్తా!"

రోడ్డువైపు గోడ మీద పద్మాక్షి మొదటిదానికంటే పెద్దగా వేసింది. రంగరాజు శఠగోపాన్ని పిలిపించి, బిడ్డకు బుద్ధి చెప్పమన్నాడు. ముసలాయన కొలిమికి పోయినాడు. నిచ్చెన మీదున్న పద్మాక్షి దిగలేదు.

"ఆపమంటావా నాయనా?"

ఆయన గోడకేసి చూసినాడు. "ఈ సమ్మెట పట్టినామె ఎవురు?"

"నేనే స్వామీ," అనింది భారతమ్మ.

ఆయన వెనక్కి తిరిగి రంగరాజు దగ్గరికి పోయినాడు. "నా బిడ్డకు బుద్ధి ఉండాది. నేను చెప్పాల్సిన పన్లేదు," అన్నాడు.

మండపం వాళ్లు ఆమెను మళ్లీ పిలవలేదు. ఆమె కూడా అటు పోలేదు. ఆ దారిన పోయే బస్సుల్లో జనం తలలు బయటపెట్టి గోడనీ, కొలిమి ముందున్న మనిషినీ మార్చి మార్చి చూసేవాళ్లు. దెబ్బ ఆపకుండానే భారతమ్మ అరిచేది: "అవును, నేనే!"