జడలక్క కట్టిన ముడులు

మా మేనత్తని పనిచేసే చోట అందరూ జడలక్క అనేవారు. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నుంచి వచ్చిన మనిషి. అక్కడ వైర్లని పక్కపక్కన చేర్చి, మైనం పూసిన దారంతో బెత్తెడుకో ముడి వేసి, నున్నగా జడలా కడతారు. ముడి బిగువులో ఆమెని మించినవాళ్ళు లేరు. ఆ చేతిపని చూసే ఆమెని, ఆమెతో పాటు అక్కడి ఇంకొందరు ఆడవాళ్ళని సూపర్‌కంప్యూటర్ కట్టే చోటికి పిలిచారు.

అంతకుముందు మన ప్రభుత్వం అలాంటి యంత్రం అమ్మమని ఒక పెద్ద దేశాన్ని అడిగింది. వానల లెక్కలకి అని చెప్పింది. మీ చేతికిస్తే బాంబుల లెక్కలు కట్టుకుంటారని వాళ్ళు మొహం మీదే కాదన్నారు. బాంబులన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి, అది వేరే సంగతి. సరే, మనమే చేసుకుందామని కొందరు ఇంజనీర్లు ఒక పాత గోదాములో చేరారు. వాళ్ళ పైనున్న ఆయన పెద్దసారు.

దుమ్ము రాకుండా గోదాము కిటికీలని ఇటుకలతో మూసేశారు. యంత్రం వేడెక్కకూడదని లోపల ఎప్పుడూ చల్లగాలి. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల ఆడవాళ్ళు స్వెట్టర్లు వేసుకుని పనిచేసేవారు. యంత్రం వరసగా నిలబెట్టిన బీరువాల్లా ఉండేదట. ముందు తలుపులు, వెనక సన్నటి పిన్నులు. ఈ పిన్ను నుంచి ఆ పిన్నుకి వైరు చుట్టాలి.

"దగ్గరి దారిలో తీసుకెళ్ళండి, అంతే" అని పెద్దసారు చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. ఆడవాళ్ళకి ఎందుకు అన్నది చెప్పే అలవాటు అక్కడా లేదు. అలా దగ్గరి దారులు పట్టిన వైర్లు పనయ్యేసరికి దువ్వని తలలా తయారయ్యాయి.

అప్పుడు ప్రభుత్వం నుంచి కమిటీ వస్తోందన్నారు. పోయినేడు పడ్డ వానలని యంత్రం వాళ్ళ ముందు లెక్కకట్టి చూపించాలి. జవాబు కుదిరితే ఇంకా పెద్దది కట్టనిస్తారు. కుదరకపోతే గోదాముకి తాళం. ఇంజనీర్లు ముందువైపు తలుపులు తుడుస్తున్నారు. అత్తకి వెనకవైపు చూస్తే సిగ్గేసింది. చుట్టాలొచ్చే వేళకి ఇల్లు చిందరవందరగా ఉన్నట్టు.

"ఇది చూస్తే వాళ్ళేమనుకుంటారే? మనకి పని రాదనుకోరూ?" అందట స్నేహితురాలితో.

"వాళ్ళు వెనక్కెందుకొస్తారే తల్లీ, ముందునుంచే టీ తాగి పోతారు" అందట ఆవిడ.

అత్త వినలేదు. దారం తీసింది. మధ్యాహ్నమంతా కూర్చుని వైర్లన్నీ చేరదీసి జడలేసింది. చూస్తూ ఊరుకోలేక మిగతావాళ్ళూ వైర్లు పట్టి ఇచ్చారు, ముడులు మాత్రం ఆమెవే.

"జడలయ్యాయి. ఇక రిబ్బన్లు కూడా కట్టెయ్యి" అందట స్నేహితురాలు.

"నీ చిన్నప్పటివి దాచుకున్నావుగా, పట్రా" అందట అత్త.

ఒక కుర్ర ఇంజనీరు అటుగా పోతూ ఆగి, "అబ్బ, ఇప్పుడు యంత్రంలా ఉంది" అన్నాడట. అందులో ఉన్న చిక్కు అతనికీ తట్టలేదు.

టెలిఫోన్లో పక్క వైరులోని మాట కొంచెం ఈ వైరులోకి చొరబడితే పెద్ద నష్టం లేదు, గుసగుసలా వినిపిస్తుంది. ఈ యంత్రంలో అలా చొరబడితే లేదన్నది ఉంది అయిపోతుంది, లెక్కంతా తప్పుతుంది. వైర్లని ఎంత నున్నగా, ఎంత దగ్గరగా కడితే అంత చేటు. పని రానివాళ్ళు కట్టి ఉంటే వదులుగా ఉండేవి, యంత్రం సగమైనా బతికేది. కట్టింది మా అత్త.

కమిటీ ముందు యంత్రం ఒకసారి వరదలన్నది, ఇంకోసారి చినుకు లేదన్నది. కమిటీ పెద్దాయన కుర్చీలోంచి లేస్తూ, "వానొస్తుందని నా మోకాలు ఇంతకంటే నయంగా చెబుతుందయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దసారు కూడా నవ్వాల్సి వచ్చింది.

వాళ్ళు వెళ్ళాక పెద్దసారు యంత్రం వెనక్కి వచ్చి చూశాడు. "ఎవరు కట్టారిది?" అన్నాడు.

"అందరం" అన్నారు ఆడవాళ్ళు. అత్త వాళ్ళ వెనక్కి జరిగింది.

ఆయన కత్తెరలు తెప్పించాడు. ముడులన్నీ కోసి వైర్లని మళ్ళీ చెదరగొట్టాక యంత్రం వానల్ని సరిగ్గా చెప్పింది. కానీ కమిటీ మళ్ళీ రాలేదు. ఆ ఏడాదే పెద్ద దేశం మనసు మార్చుకుని తన యంత్రం అమ్మింది. మనదాని మీద గుడ్డ కప్పారు. ఆడవాళ్ళని ఎక్స్ఛేంజీకి తిప్పి పంపారు.

అత్త ఇది ఎవరికీ చెప్పుకోలేదు. పెళ్ళి మాటెత్తితే లేచి అవతలికి వెళ్ళిపోయేది. మా ఇంట్లోనే ఉండేది. టీవీ వెనక వైర్లని అమ్మ చుట్టి కడితే వెళ్ళి విప్పేసేది. "మీ అత్తకి చాదస్తం" అనేది అమ్మ.

పెద్దసారు మంచం పట్టాడని తెలిసినప్పుడు నాకు మొదటిసారి అంతా చెప్పింది. "నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళరా. నేనే కట్టానని చెప్పాలి. ఆయన పోతే ఇంకెవరికి చెప్పను?"

మూడో అంతస్తు ఫ్లాటు. లిఫ్టు పనిచేయడం లేదు. అత్త మలుపు మలుపుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కింది. ఆయన దిండుకి ఆనుకుని ఉన్నాడు. ఆమెని గుర్తుపట్టలేదు. జడలక్క అంటే కొంచెం గుర్తొచ్చింది.

"ఆ ముడులు వేసింది నేనే సార్. అందరం కాదు. నా వల్లే అంతా పాడైంది."

ఆయన ఆమెని కూర్చోమన్నాడు. "ఎన్నాళ్ళుగా మోస్తున్నావమ్మా ఇది? నీ ముడుల్లో ఏముంది? కమిటీ రాకముందే మన ప్రభుత్వం వాళ్ళు ఆ దేశం యంత్రం కొనడానికి ఒప్పుకున్నారు. మనం కడుతున్నామని తెలిసే వాళ్ళు అమ్ముతామన్నారు. కమిటీ ఊరికే వచ్చింది."

"మీకు ముందే తెలుసా?" అని నేనడిగాను.

"తెలుసు బాబూ. అంతమంది చేతులు ఆడుతుంటే ఆపమని చెప్పడానికి నోరు రాలేదు."

"అయితే జవాబు సరిగ్గా వచ్చినా..." అంది అత్త.

"వచ్చినా అంతే."

"మరి నన్ను తిట్టరా సార్?"

ఆయన చిన్నపిల్లని చూసినట్టు నవ్వి, "ఎందుకమ్మా" అన్నాడు.

అత్త గోడ పట్టుకుని మెట్లు దిగింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, "తిట్టాల్సిందిరా. రెండు మాటలు తిడితే ఆయన సొమ్మేం పోయింది?" అంది.

"నీ తప్పేం లేదన్నాడు కదా అత్తా."

"అదే అంటున్నాను. ఆ యంత్రంలో నాదంటూ ఒక తప్పైనా ఉందనుకున్నాను."

తర్వాత అత్త ఎక్కువకాలం బతకలేదు. పెద్దసారుని చూసొచ్చాక ఆమె మనసు తేలికపడిందని అమ్మ పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. నేను కాదనలేదు.