దవాఖాన మూడు, బాపు మూడు

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది జూన్‌లో జనగామ వైపు ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. కాంట్రాక్టు పోస్టు. మాది భూపాలపల్లి. మరిపెడ నుంచి వచ్చిన సునీతక్కది కూడా అదే హోదా.

ల్యాబ్ మూలన నేను పుట్టకముందు కొన్న మైక్రోకంప్యూటర్ డెవలప్‌మెంట్ సిస్టమ్ ఉండేది. ప్రాసెసర్‌కు ప్రోగ్రాం రాసి, నడిపి, తప్పులు పట్టే యంత్రం. దాన్ని తుక్కు జాబితాలో చేర్చారు. దసరా సెలవుల్లో మేమిద్దరం మాన్యువల్ ముందేసుకుని పవర్ సప్లైలో ఉబ్బిన కెపాసిటర్లు మార్చాం, చిప్పులను తీసి కాళ్లు తుడిచి సాకెట్లలో మళ్లీ కూర్చోబెట్టాం. ఫ్లాపీ డ్రైవులు లేవలేదు. చిప్పులోనే ఉండే మానిటర్ ప్రోగ్రాం మాత్రం లేచింది. దానితో మెషీన్ కోడును కీబోర్డు మీద నేరుగా ఎక్కించవచ్చు. ఒక్కో ఆదేశం దగ్గర ఆపి ప్రాసెసర్ లోపల అంకెలు నిలిచే రిజిస్టర్లన్నీ ఒకేసారి తెర మీద చూడవచ్చు. పిల్లలు ప్రాక్టికల్స్ చేసే మా కొత్త కిట్లకు ఆ తెర లేదు. అందుకే తుక్కుకు పోనివ్వదలచుకోలేదు.

ఆ కోడులో అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు ఉంటాయి. అక్క కాగితం చూసి చదివితే నేను కొట్టేవాణ్ని. యంత్రం ఫ్యాన్ హోరులో బీ, డీ, ఈ ఒకేలా వినిపించేవి.

"గిట్ల కాదు తమ్మీ. మనింట్ల మాటలు పెట్టుకుందాం" అంది అక్క.

ఏ అంటే అవ్వ, బీ బాపు, సీ సర్కారు, డీ దవాఖాన, ఈ ఈతచెట్టు, ఎఫ్ ఫికర్. ఆ తర్వాత మాకు తప్పు పోలేదు.

తుక్కు జాబితా తేల్చే కమిటీ వచ్చింది. దాని పెద్ద మరో ప్రాంతం నుంచి వచ్చిన అధికారి. యంత్రం ఆపితే మెమరీ ఖాళీ అవుతుంది కాబట్టి, మొదటి నుంచి ఎక్కించి చూపమన్నారు. స్విచ్చు వేస్తే దీపం వెలిగే చిన్న ప్రోగ్రాం అది.

"దవాఖాన బాపు, సున్నా సున్నా" అని అక్క మొదలుపెట్టింది.

"ఎవరి బాపు ఆసుపత్రిలో పడ్డాడమ్మా?" అని ఆయన నవ్వారు. పక్కవాళ్లూ నవ్వారు. "ఇది ల్యాబా, గ్రామసభా? సరిగ్గా ఇంగ్లీషులో చదవండి."

అక్క నా వైపు చూసి, చదివింది. నేను కొట్టాను. స్విచ్చు వేశాం. దీపం వెలగలేదు.

"తుక్కులో రాసేయండి" అన్నారాయన.

"ఆగుండ్రి సార్" అన్నాను. మెమరీని తెర మీదకు తెచ్చి కాగితంతో సరిచూశాను. దీపానికి సంకేతం పంపే ఆదేశం డీ త్రీ. నేను విన్నది, కొట్టింది బీ త్రీ. యంత్రం ఆ దీపానికి సంకేతమే పంపలేదు. అదే చెప్పి, మొత్తం మళ్లీ ఎక్కిస్తామన్నాను, మా మాటల్లోనే.

"అవసరమా?" అన్నారాయన.

"మీకు నవ్వొస్తే నవ్వుండ్రి సార్. నేనైతే గిట్లనే సదువుత" అంది అక్క. గొంతు పెంచి మరీ చదివింది: "దవాఖాన మూడు!"

ఈసారి స్విచ్చు వేస్తే దీపం వెలిగింది. తీస్తే ఆరింది. ఒక్కో ఆదేశం దగ్గర ఆపి రిజిస్టర్లు చూపించాను. ఆయన జాబితాలో ఆ వరుస కొట్టేసి సంతకం పెట్టారు.

ఏడాది చివర నా కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం అడిగితే చెప్పలేదు. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇది: పనిచేస్తున్న పద్ధతిని మార్చమంటే ముందు కారణం అడగాలి. ఆ రోజు నేను అడగకుండా కీబోర్డు మీద చేయి వేశాను. ఇప్పుడు వేరే చోట పనిచేస్తున్నాను. కారణం చెప్పలేనివాళ్లకు కుదరదనే చెబుతున్నాను.