సుభాని పొయ్యి, శీనమ్మ గిన్నె

ఉదయగిరి బస్టాండు వెనక సందులో నా సైకిల్ షాపు. పక్కనే మహబూబ్ సుభాని రేకు కొట్టు. పొద్దస్తమానం డబ్బాలు సాగ్గొట్టే ఆ చప్పుడు నా ప్రాణం తీసేది. చాలాసార్లు అరిచాను. వినిపించుకునేవాడు కాదు, ఆ చప్పుడుకే అతనికి సగం చెవుడు వచ్చింది మరి.

చేదలు, గరాటాలు, చాటలు చేసేవాడు. ప్లాస్టిక్ వచ్చాక వాటిని అడిగే నాథుడు లేడు. మిగిలిన గిరాకీ గొర్రెలోళ్లదే. ముసురు పట్టాక కింద చేలన్నీ పైరు మీదుంటాయి గనక వాళ్లు మందల్ని దుర్గం కొండ మీదికి తోలుకుపోతారు. పైన ఆ చలిగాలికి మూడు రాళ్ల పొయ్యి నిలవదు.

అందుకని సుభాని నూనె డబ్బా రేకుతో తేలికపాటి పొయ్యి చేశాడు. భుజాన వేలాడేసుకుంటే బరువే తెలియదు. సీసంతో మాటు పెడితే మంటకు కరుగుతుందని అతుకులన్నీ మడతపెట్టి కొట్టేవాడు. గిన్నె దాని మీద కూర్చోదు, మెడదాకా లోపలికి దిగుతుంది. గిన్నెకూ రేకుకూ మధ్య బొటనవేలంత సందు. మంట అడుగును తాకి ఊరుకోకుండా, ఆ సందులోంచి గిన్నె పక్కలన్నీ కాలుస్తూ పైకి పోతుంది. గాలి ఎంత కొట్టినా వేడి గిన్నెకే పడుతుంది.

ఆ పొయ్యి అందరికంటే సిద్ధయ్యకు ఎక్కువ అవసరం. కొండ కింది పల్లె అతనిది. రొమ్ములో నెమ్ము చేరింది. చలికాలం వేడి నీళ్లు, వేడి సంగటి లేకపోతే కొండెక్కొద్దని వింజమూరు డాక్టరు ఖండితంగా చెప్పాడు. కొండెక్కకపోతే మంద నిలవదు, ఆ మంద వాళ్ల తాత నాటిది. కాబట్టి ఆ పొయ్యి మీద నీళ్లు కాగి తీరాలి.

మొదటి ఏడు ఫరవాలేదు. ఇంకొంచెం తొందరగా కాగేట్టు చూడమన్నాడు సిద్ధయ్య. ఎలాగూ రేకు ఒక ముసురుకే తుప్పు పట్టిపోతుంది, ఏటా కొత్తది చేయాల్సిందే. వేడి సందులోంచి జారిపోతోందని సుభాని లెక్కేశాడు. సిద్ధయ్య భార్య శీనమ్మ కొలతకు గిన్నె తెచ్చిచ్చింది. సత్తుగిన్నె, బూడిదేసి తోమితే తళతళలాడుతోంది. పరాయి మనిషి చేతికి మసి గిన్నె ఇవ్వడమంటే మా వైపు ఆడవాళ్లకు తల కొట్టేసినట్టుంటుంది. ఆ గిన్నె చూసుకుని సుభాని సందు సగానికి తగ్గించాడు.

ఆ ఏడు పొయ్యి పొగ కక్కింది. మరుసటేడు అడుగున గాలి బెజ్జాలు పెంచి, సందు ఇంకా బిగించాడు. పొగ ఎక్కువైందే గాని తగ్గలేదు. కొట్టు ముందర ఆ తోమిన గిన్నెతోనే ముట్టించి చూపిస్తే మాత్రం నీళ్లు కళపెళ కాగాయి. నువ్వు తడి పుల్లలు పెడుతున్నావని ఇతను, నీకు పని చేతకాదని అతను. ఇద్దరి మీదా నాకు విసుగొచ్చింది.

"ఈడ కాగితే నాకేంది సుబానన్నా," అన్నాడు సిద్ధయ్య దగ్గు మధ్యలో. "కొండ మింద కాగాల."

కొండెక్కి చూద్దామంటే సుభాని మోకాళ్లు ఎప్పుడో పోయాయి. పాడు పొయ్యి, దాని జోలి మానెయ్యమని పెళ్లాం మునీరా మొత్తుకుంది. మానలేదు. ఎనభై ఒకటి చలికాలంలో సిద్ధయ్యను జ్వరంతో కొండ దించారు. బతికాడు గాని, మంద ఆత్మకూరు బేరగాడి పాలైంది.

పలకరించి రావాలని సుభాని వాళ్లింటికి పోయాడు. సిద్ధయ్య దుప్పటి కప్పుకుని, గొర్రెల దొడ్డి వైపు వీపు పెట్టి కూర్చున్నాడట. శీనమ్మ టీ పెడతానని ఆ పొయ్యే ముందరేసుకుంది. ఎర్రమన్ను పిసికి గిన్నె అడుక్కీ పక్కలకీ దళసరిగా పూసింది, నిన్నటి పూత మీదే. మసి మన్నుకు పడుతుంది, మన్నుతోనే పోతుంది. కట్టెల పొయ్యి ఉన్న ప్రతి ఇంట్లోనూ చేసే పనే, మునీరా కూడా చేస్తుంది. మొగుడితో కొండెక్కే శీనమ్మ ఆ చలికి రోజూ తోమలేక పూత మీద పూత వేసేది. ఆ గిన్నె పొయ్యిలోకి దిగితే ఇక సందెక్కడిది? మంట లోపలే ఉక్కిరిబిక్కిరై పొగ పొయ్యి నోట్లోంచి బయటికొచ్చింది. సుభాని ఏటా పొయ్యిని బాగుచేసీ చేసీ, ఉన్న సందు కూడా మూసేశాడన్నమాట.

టీ తాగి, ఏమీ చెప్పకుండా వచ్చేశాడు. నాతో చెప్పాడు. వాళ్లకెందుకు చెప్పలేదని కేకలేశాను.

"ఏం జెప్పేది నారాయణయ్యా? దొడ్డి ఖాళీగా ఉండాది. చెప్తే నిండుద్దా?"

అప్పట్నించీ కొత్త పద్ధతి పెట్టాడు. మన్ను పూత ఉన్నదున్నట్టు గిన్నె తెస్తేనే కొలత తీస్తానన్నాడు. ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు గాని తెచ్చారు. కొట్టంతా మన్నూ మసీ. పొయ్యిలు మాత్రం కొండ మీద కూడా బ్రహ్మాండంగా మండాయి. సుభాని ముఖంలో సంతోషమన్నది నేను చూడలేదు. ఆ సుత్తి మోత మందగించింది. చప్పుడు తగ్గినందుకు నాకు హాయిగా ఉండాలి, ఎందుకో లేదు.

మూడేళ్లకు కాబోలు, శీనమ్మ వచ్చింది. సిద్ధయ్య సోమశిల కాలువ పనిలో మట్టి మోస్తున్నాడట. ఆమె తమ్ముడు గొర్రెలు పట్టాడు, వాడికి పొయ్యి కావాలి. తోమిన గిన్నె తీసి ఇచ్చింది. మన్ను పూసి తెమ్మన్నాడు సుభాని, తల ఎత్తకుండా. ఆమె కొట్టులో వరసగా పెట్టిన మన్ను గిన్నెల వైపు చూసింది. పక్కనున్న పొయ్యి తీసుకుని తన గిన్నె అందులోకి దించింది. సందులో వేలు పెట్టి చుట్టూ తిప్పింది.

"ఆ పొద్దు మా ఇంట్లో టీ తాగినావే, అప్పుడే తెలుసునా నీకు?"

సుభాని తలూపాడు. నేను పంక్చరు పని ఆపేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆయనకు చెప్పబాకన్నా," అంది. వాకిట్లో కూర్చుని, చెంబులో నీళ్లు పోసి మన్ను పిసికి, తళతళలాడే ఆ గిన్నెకు పూయడం మొదలుపెట్టింది.