ముళ్ళ కండువా

ధర్మవరంలో కౌన్సెలింగ్ చేసే మాధవీలత మేడంకు ఏదీ గుర్తుండదు. గుర్తుకోసం కండువాకు వేసుకున్న ముడి దేనికి వేసుకుందో అసలే గుర్తుండదు.

అది ఎవరో సన్మానంలో కప్పిన పట్టు కండువా. పొద్దున గ్యాస్ బుక్ చేయాలని ఒక ముడి, పదింటికి ఎవరికో ఫోన్ చేయాలని ఇంకొకటి. సాయంత్రానికి అది చింతకాయల గుత్తి. డైరీలు మూడున్నాయి. ఒకటి ఫ్రిజ్‌లో దొరికింది. మిగతావి కనబడితే చెప్పండి.

ఒకసారి రొద్దం నుంచి వచ్చినామెను లోపలే కూర్చోబెట్టి, తాళం వేసుకుని ఇంటికి పోయింది. గంట తర్వాత పరుగున వచ్చి తలుపు తీస్తే, "పెండ్లయినాక నిమ్మళంగా కూచునింది ఈ పొద్దేనమ్మా" అందట ఆమె.

మూడు ఉద్యోగ పరీక్షలు తప్పాక నాకు మనుషులెవరూ నచ్చడం లేదు. అమ్మ పోరు పడలేక మేడం దగ్గరికి పోయాను. గురువారం నాలుగింటికి రమ్మంది. పోతే, అదే నాలుగు తిమ్మరాజుకూ ఇచ్చి ఉంది. ఆయన పట్టుచీరలు నేసే మనిషి. భార్య పోయి ఆరు నెలలు. అప్పటినుంచి మగ్గం గుంతలోకి దిగలేదు, నోరు విప్పలేదు. ఇట్లాగే ఉంటే నాయన దక్కడని కూతురు గంగాదేవి తీసుకొచ్చేది. ఆయనా నేనూ వరండాలో కూర్చుని ఎదురుగోడ చూశాం.

రెండో వారమూ ఇద్దరికీ నాలుగే. మూడో వారం నేను నిలదీస్తే, "అయ్యో, మర్చిపోయినప్పా" అని మేడం ఇంకో ముడి వేసి, కండువా కుర్చీ మీదే మరిచి లోపలికి పోయింది.

తిమ్మరాజు దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. "జరీ ఇరిగిపోతాది. పట్టును ఎవురన్నా ఇట్ల ముడేస్తారా అప్పా?"

గంగాదేవి చేతిలో నీళ్ళ సీసా జారిపడింది.

ఆయన ఒక్కొక్క ముడే విప్పాడు. మేడం బయటికొచ్చి, సాపుగా ఉన్న కండువా చూసి, ఆ రోజు పనులన్నీ అయిపోయాయనుకుని సంతోషంగా ఇంటికి పోయింది.

ఇక ప్రతి గురువారం ఆయన ముళ్ళు విప్పేవాడు, నేను లోకాన్ని తిట్టేవాణ్ణి. ఆపితే "ఊ, తిట్టు" అనేవాడు. రెండు నెలలకు ఆయన మగ్గంలో కూర్చున్నాడు. నేను తిట్టడం గురువారాలకే కుదించాను.

మొన్న మూలనున్న ఒక ముడి మీద ఆయన వేలు పెట్టగానే మేడం చేయి అడ్డం పెట్టింది. "అది ఇప్పొద్దన్నా."

"దేనికేసినారో గుర్తుండాదా మేడం?" అన్నాను వెటకారంగా.

"అదొక్కటే గుర్తుండాది. మొదటి వారం ఇద్దరికీ ఒకే టైము ఇచ్చింది నా పొరపాటే. వచ్చి చూస్తే ఇద్దరూ ఒకే గోడను చూస్తా కూచున్నారు. మళ్ళా వారం ఆ పొరపాటు చేసేది యాడ మర్చిపోతానో అని ముడేసుకుంటి. మీరు ఇప్పినప్పుడల్లా మళ్ళా వేసుకుంటాండా."

తిమ్మరాజు ఆ ముడిని తడిమి చూశాడు. వదులుగా ఉందని, ఇంకాస్త బిగించి ఇచ్చాడు.