ఎవరివీ కాని ఎనిమిది జీబీలు

ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి, చింతపండు టోకున అమ్మే అన్నదమ్ములిద్దరూ గౌలిపురలో మా ఇంటి యజమానులు. గవర్నమెంటు ఆఫీసు కంప్యూటర్ విభాగంలో రిటైరైన నేను వాళ్ల మేడమీది వాటాలోనే ముసలివాణ్నయ్యాను. వాళ్ల తండ్రి పోయాక దుకాణం రెండైంది, మధ్య గోడ లేచింది. ఆ గోడలో ఒక తలుపు మాత్రం మిగిలింది. ఇద్దరి లెక్కలూ బిల్లులూ నడిచే కంప్యూటర్, సర్వర్, అన్న వైపు ఉంది. దాని వైరు ఆ తలుపు గుండానే తమ్ముడి కౌంటర్‌కు వెళ్లాలి. వైరున్నంత కాలం తలుపు మూయలేరు. ఆ మాత్రం మిగిలినా చాలనుకున్నాను.

ఎవరి సరుకు వివరాలు వాళ్లకు విడిగా ఉండాలని, సర్వర్‌లో రెండు డేటాబేసులు వేసిపెట్టమన్నారు. ఏ సెట్టింగ్ ఎంత ఉండాలో, ఎందుకో అలవాటు ప్రకారం డైరీలో రాసుకుని వెళ్లాను. తరచూ అడిగే వివరాలను డేటాబేస్ మెమరీలో చేతికందేలా ఉంచుకుంటుంది. దానికి ఎంత చోటివ్వాలో ఇన్‌స్టాల్ చేసేవాడు చెప్పాలి. సర్వర్‌లో ఉన్న మెమరీ మొత్తం పదహారు జీబీలు.

"అన్నకెంతిస్తే నాకు గంతే సార్," అన్నాడు తమ్ముడు, నా పక్కకు కుర్చీ లాక్కుంటూ.

"చెరి ఎనిమిది. ఏమంటవ్ తమ్మీ?" అన్నాడు అన్న. చాలా రోజులకు ఇద్దరూ ఒక మాట మీదికొచ్చారు.

"అలా కుదరదు నాయనా," అన్నాను. "చెరి నాలుగు. మిగతా ఎనిమిది వదిలేయాలి. ఫైళ్లు చదవడానికి, బిల్లులు ప్రింట్ చేయడానికి మిషన్‌కూ చోటుండాలి కదా. ఎవరికి పని ఎక్కువుంటే అప్పటికి అందులోంచి వాడుకుంటారు."

"గా ఎనిమిది ఎవరియి?" అన్నాడు తమ్ముడు.

"ఎవరివీ కావు."

అన్న నవ్వాడు. "ఎవరియి గానియి మా ఇంట్ల సూది గూడ లేదు సార్. ఇత్తడి చెంబులు గూడ పంచుకున్నం."

"చెంబు నాకిచ్చిండు సార్, మూత ఆయన కాడనే పెట్టుకున్నడు!"

"రేపు తెస్త తీయ్, లొల్లి చెయ్యకు."

ఇద్దరూ నవ్వుతుండగానే నాలుగూ నాలుగూ పెట్టేశాను.

బాగా నడిచింది. పొద్దున బేరాలు అన్నవి, సాయంత్రం తమ్ముడివి. ఆ మిగులు ఇద్దరికీ అక్కరకొచ్చేది. నేను వైరు చూసే నెపంతో తలుపు దగ్గర స్టూలు వేసుకునేవాణ్ని. ఒకే కెటిల్ చాయ్ అటూ ఇటూ తిరిగేది.

మిర్చి సీజన్ వచ్చింది. మెమరీ వాడకం తెరమీద ఎలా చూడాలో తమ్ముడికి ఎవరో నేర్పారు. ఫోన్ చేశాడు.

"సార్, మిగిలిందంత అన్ననే తింటున్నడు!"

"పొద్దున అతనికి పని ఎక్కువ నాయనా. సాయంత్రానికి నీకొస్తుంది."

"వస్తదో రాదో ఎవనికెరుక సార్?"

తర్వాత కంటి ఆపరేషనై నేను ఇంట్లో ఉన్నప్పుడు, వేరే టెక్నీషియన్‌ను పిలిపించి చెరి ఎనిమిది పెట్టించుకున్నారు. అన్న కూడా కాదనలేదు. దాంతో మిషన్‌కంటూ చోటు లేకుండా పోయింది. మెమరీలో పట్టనివాటిని డిస్కు మీదికి నెట్టడం, మళ్లీ తెచ్చుకోవడం, దానికి అదే పనైపోయింది. సరుకెత్తిన ఆటోట్రాలీలు రోడ్డు మీద నిలబడ్డాయి, బిల్లు రాదు. అన్న కావాలనే ఆపాడని తమ్ముడు, తమ్ముడు తెచ్చిన మనిషే పాడుచేశాడని అన్న, ఆ తలుపు దగ్గరే అరుచుకున్నారట.

నల్లద్దాలు పెట్టుకుని నేను వెళ్లేసరికి తమ్ముడు కొత్త మిషన్ కొనేశాడు. పాత వైరు చుట్టగా చుట్టి మేకుకు తగిలించి ఉంది.

"పాత అంకెలు పెడితే ఇప్పుడే నడుస్తుంది," అన్నాను డైరీ తెరుస్తూ.

"నడుస్తది సార్, నాకెరుకే," అన్నాడతను, నా వైపు చూడకుండా. "ఇగ ఎవరిది వాళ్లకైతే ఫికరుండది గద."

ఆ వారమే తలుపు తీసేసి ఇటుకలు పేర్చారు. అంకెలు తిరిగి మార్చడానికి అంత పని కూడా ఉండేది కాదు. వాళ్లు అరుచుకున్న రోజు నేను దుకాణంలో ఉంటే నా మాట వినేవారని కాదు. ఇంకో చాయ్ చెప్పించి, కాసేపు కూర్చోబెట్టేవాణ్నేమో.

ఇప్పుడు అన్న దగ్గర చాయ్ తాగి, రోడ్డు మీదుగా చుట్టి వెళ్తుంటే తమ్ముడు కేకేస్తాడు. "ఏం సార్, మా చాయ్ చేదా?" అక్కడా ఒకటి తాగుతాను.

"అన్న మిషన్ మంచిగ నడుస్తున్నదా సార్?" అని కప్పు అందిస్తూ అడుగుతాడు. అంతకుముందే అన్న, తమ్ముడి మిషన్ గురించి అడిగి ఉంటాడు.

బాగానే నడుస్తోందని ఇద్దరికీ చెబుతాను.